చేతి తిమ్మిరి

సోదరీమణులారా! పసిపిల్లల దగ్గునకు ఇంటి మందులను గూర్చి ఈ మాసమున వ్రాయుదుమని వెనుకటి సంచికలో మాట యిచ్చియుంటిమి. ఆ మాట తప్పుచున్నాము, మన్నింపవలయును. దగ్గు ఆగదు గాని, దానిని గూర్చిన వ్యాసము ఒక నెల ఆగవచ్చును. మా యింట జరిగిన సంగతి మీతో చెప్పకుండ మరియొకటి వ్రాయుటకు మాకు చేయి సాగలేదు. చేయి సాగలేదనుట ఇచ్చట ఉత్తమాట కాదని ముందు చదువగా మీకే తెలియగలదు.

మేము కాపురముండునది సుచిత్ర కూడలికి సమీపమున. మావారు బడిపంతులు. వారి పాఠశాల మేడ్చలునకు ఆవలనున్న యొక పల్లెలో గలదు. పోవుటకు ఇరువది, వచ్చుటకు ఇరువది కిలోమీటరులు. పదునొకండేండ్లుగా మోటారుసైకిలు మీదనే రాకపోకలు. త్రోవ శ్రీనగరము మొదలు కన్యాకుమారివరకు సాగు 44వ జాతీయ రహదారియే. 2010 వరకు దానిని 7వ నెంబరు రహదారి యనెడివారు. మా పొరుగు ముసలివారు నేటికిని అట్లే యందురు. కొంపల్లి, గుండ్లపోచంపల్లి, కండ్లకోయ దాటువరకు లారీల నడుమ చేయి హ్యాండిలునుండి తీయుటకు సందు దొరకదు.

మొదట మా కంటబడినది చొక్కా బొత్తాము. పైబొత్తాము పెట్టుకొనుటకు మావారు అద్దము నెదుట చాలసేపు నిలుచుచుండిరి. తరువాత భోజనమువేళ చూచితిమి: అన్నము కలుపునపుడు కుడిచేతి చిటికెనవ్రేలును ఉంగరపువ్రేలును ముద్దను అంటక, చుట్టపు చూపునకు వచ్చినవానివలె దూరముగా నిలిచియున్నవి. "ఏమండీ, చేతికేమైనది?" అని అడుగగా "ఏమియు లేదు, ఉదయపు చలికి వ్రేళ్లు కొంకరపోయినవి" అనిరి. అప్పటికి మార్గశిరము. పుష్యము పోయి మాఘము వచ్చినను ఆ చలి వారి వ్రేళ్లను విడువలేదు.

చిన్ననాట మా తండ్రిగారు మాకు భారతమున నలోపాఖ్యానము చెప్పునపుడు, బాహుకుని రూపము మారినను దమయంతి యతనిని గుర్తించిన తీరు మాకు మిక్కిలి నచ్చెడిది. కేశినిని పంపి అతడు నీరు నింపుట, నిప్పు చేయుట, పూలను చేత నలుపుట కనిపెట్టించినది. మొగము దాచవచ్చును గాని చేతిపని దాగదు. ఆ కథ ఎఱిగియు మేము రెండు మాసములు ఊరకుంటిమి.

ఫాల్గుణమున నొక సాయంకాలము అకాలవర్షము కురిసినది. సుచిత్ర కూడలియందు ముందున్న ఆటో తటాలున నిలిచినదట. మావారు బ్రేకు పట్టితిననియే అనుకొనిరి. లీవరుపై వ్రేళ్లున్నవి గాని ఎంత నొక్కితిరో వ్రేళ్లకే తెలియలేదు. దైవవశమున వేగము తక్కువ. మోకాలు దోకుకొనిపోయినది, దీపము పగిలినది, అంతే. ఆ రాత్రి అసలు సంగతి బయటపడినది. నాలుగు మాసములుగా కండ్లకోయ చేరునప్పటికే ఆ రెండు వ్రేళ్లును మొద్దుబారి పరాయివానివలె నగుచున్నవట. తరగతిలో సుద్దముక్క జారుచున్నదట. "నీకు చెప్పిన బండి మాన్పింతువు, బండి మాన్పిన బడి యెట్లు?" అనిరి. మా అత్తగారు నువ్వులనూనె వెచ్చచేసి మర్దించిరి. నూనె హాయినిచ్చినది, మరునాడు బండి యెక్కగానే తిమ్మిరి మరల వచ్చినది.

వైద్యుడు మొట్టమొదట అడిగిన ప్రశ్న "ఏ వ్రేళ్లు?" అని. తిమ్మిరి యనగానే తిమ్మిరియే అని మేమనుకొంటిమి. కాని చేతికి స్పర్శనిచ్చు నరములలో ముఖ్యముగా రెండింటికి ఈ బాధ కలుగును. మోచేయి గోడకు తగిలినపుడు జల్లుమను నరమును మీరందరు ఎఱుగుదురు. అది చిటికెనవ్రేలికిని, ఉంగరపువ్రేలిలో సగమునకును పోవును. అరచేతి మడమయందు, చిటికెనవ్రేలి ప్రక్కన, అది యొక ఇరుకుదారిలో దూరును. 1861లో గియోన్ అను ఫ్రెంచి వైద్యుడు ఆ దారిని వర్ణించినందున దానికి ఆయన పేరే నిలిచినది. హ్యాండిలుపై బరువంతయు అరచేతి మడమమీద మోపి గంటసేపు కూర్చున్న యెడల నలుగునది అదియే. సైకిలు త్రొక్కువారికిని ఈ బాధ కలదు. రెండవ నరము మణికట్టు నడుమనుండి పోయి బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలి తక్కిన సగము చూచుకొనును. మణికట్టులోని సొరంగమువంటి త్రోవలో తొమ్మిది స్నాయువులతో కలిసి యిమిడియుండవలసిన నరమది. ఉమ్మడికుటుంబమున నడిమి కోడలివలె, ఎవరు ఉబ్బినను నలుగునది తానే.

మావారిది మొదటి నరము. ఇంతవరకు మేమూహించినదే. వైద్యుడు చీటి వ్రాయుచు తలయెత్తి, "అమ్మా, మీ చేయి నెందులకు విదలించుచున్నారు?" అని మమ్మడిగెను.

సోదరీమణులారా, విదలించుచున్నామని మాకే తెలియదు. ఏడాదిన్నరగా రాత్రి రెండవ జామున మెలకువ వచ్చుట, బొటనవ్రేలు మొదలు మూడు వ్రేళ్లు చీమలు ప్రాకినట్లుండుట, చేయి మంచము వెలుపల వ్రేలాడదీసి విదలించి మరల పండుకొనుట మాకు అలవాటైపోయినది. పిల్లలను బడియొద్ద దింపి వచ్చుటకు స్కూటరు నడుపుదుము, అప్పుడును మొద్దుబారును. దుప్పట్లు పిండినందువలన, చపాతీలు వత్తినందువలన అనుకొంటిమి. ఎవరికిని చెప్పలేదు. మగనికి బొత్తాము పట్టుట ఆలస్యమైనచో కనిపెట్టిన కన్నులే తమ చేతిని ఏడాదిన్నర చూడలేదు.

రెండు చేతుల వెలిభాగములు ఒకదానికొకటి ఆనించి, మణికట్లు క్రిందికి వంచి అరువది సెకండ్లు నిలుపుమనెను. ముప్పది లెక్కింపకమునుపే మాకు చీమలు పట్టినవి. ఈ పరీక్షను ఇంటనే చేసికొనవచ్చును. కాని ఇది సూచన మాత్రమే. నరములలో విద్యుత్తు పారు వేగమును కొలుచు పరీక్ష వేఱుగా గలదు. ఈ రెండవ నరపు జబ్బు పురుషులకంటె స్త్రీలలో సుమారు మూడురెట్లు ఎక్కువ. గర్భిణులకు వచ్చి కాన్పు తరువాత పోవుట గలదు. మధుమేహము, థైరాయిడు లోపము, కీళ్లవాతము దీనిని తెచ్చును. మా రక్తము పరీక్షింపగా థైరాయిడు లోపమే బయటపడినది. బండి తెచ్చిన తిమ్మిరియని మేము నిందించినదానిలో బండి పాలు కొంతయే.

అట్లని బండి నిర్దోషి కాదు. అదురు చేయు కీడును ఎత్తిచూపినవారిలో ఒక స్త్రీ కలదని తెలిసి మాకు గర్వము కలిగినది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున బెడ్‌ఫర్డు ఊరి సున్నపురాతి గనులలో, గాలిసుత్తెలు పట్టు రాతిపనివారి వ్రేళ్లు చలికాలమున పాలిపోయి మొద్దుబారుటను 1918లో ఆలిసు హామిల్టను అను వైద్యురాలు పరిశీలించినది. మరుసటియేడు హార్వర్డు విశ్వవిద్యాలయమున బోధించుటకు చేరిన మొదటి స్త్రీ ఆమెయే. జపానులో మోటారుసైకిళ్లపై జాబులు పంచు తపాలావారిలోను ఇట్టి తెల్లవ్రేళ్ల బాధను అచటి వైద్యులు గుర్తించిరి. చేయి సంగతి యటుండగా, 2021లో యాపిల్ సంస్థవారు, పెద్ద మోటారుసైకిళ్ల హ్యాండిలునకు తమ ఫోనును బిగింపవలదని, ఆ అదురునకు కెమెరా చెడునని ప్రకటించిరి. ఫోనునకు హెచ్చరిక వచ్చినది, చేతికి రాలేదు.

మెకానిక్కు బండిని చూచి మొదట అడిగినది హ్యాండిలు కొనయందలి ఇనుపగుండు ఏదియని. మేము దానిని అలంకారమనుకొంటిమి. అది అదురును మ్రింగుటకు పెట్టిన బరువట. కుడివైపుది ఎన్నడో ఊడిపోయినది. రబ్బరు గ్రిప్పులు గట్టిపడి రాయివలె నున్నవి. ఇంజను బిగించు బోల్టొకటి వదులు. చైనుకు నూనె లేదు. క్లచ్చి తీగ ఎండిపోయి, లీవరు లాగుటకు రెట్టింపు బలము కావలసివచ్చుచున్నది. ఒకే సిలిండరుగల ఇంజనులో ముషలకము పైకిని క్రిందికిని కొట్టుకొనుటచే ఒకానొక వేగమున అదురు మిక్కుటమగును. ఆ వేగమును గుర్తించి కొంచెము హెచ్చుగనో తగ్గుగనో పోవుట మేలని అతడు చెప్పెను. బ్రేకు, క్లచ్చి లీవరులను కొంచెము క్రిందికి త్రిప్పి, ముంజేయి, మణికట్టు, వ్రేళ్లు ఒకే వరుసలో నుండునట్లు అమర్చెను. లీవరు ఎత్తుగా నున్నచో మణికట్టు దినమంతయు విఱిచి పట్టినట్లే. ఇదంతయు కలిసి అయిన ఖర్చు ఒక మంచి పట్టుపావడాకు చాలదు.

కూర్చుండు తీరును సరిదిద్దుకొనుట మావారికి కష్టమైనది. భయముగలవాడు గట్టిగా పట్టును. గట్టిగా పట్టినవానికి అదురంతయు ఎముకలోనికి దిగును. మోచేతులు కొంచెము వంచి వదులుగా నుంచవలయును. బరువు చేతులమీద కాక నడుమునను, పెట్రోలు టాంకిని ఒత్తిన మోకాళ్లమీదను నిలువవలయును. నలుడు పగ్గములు పట్టినప్పుడు పిడికిలి బిగించియుండడని మా నమ్మకము. మావారికి అట్లే చెప్పితిమి. "నలునికి కొంపల్లి త్రోవలో లారీలు లేవు" అనిరి. ఐనను ఇప్పుడు ఎఱ్ఱదీపము పడినప్పుడెల్ల బండిని న్యూట్రలులో నుంచి చేతులు క్రిందికి వ్రేలాడదీసి వ్రేళ్లు ముడిచి విప్పుచున్నారు. కండ్లకోయవద్ద మూడు నిమిషములు ఆగుచున్నారు. మెత్తని దిండుగల చేతితొడుగులు కొంటిమి. మరీ మందమైనవి కొనరాదు, వానితో ఇంకను బిగించి పట్టవలసివచ్చును.

మన స్కూటరుల సంగతి వేఱు. క్లచ్చి లేదని సంతోషింతుము గాని, కుడిచేయి యాక్సిలరేటరును త్రిప్పి పట్టి యుంచుటలో మణికట్టు వెనుకకు వంగియే యుండును. ఆ మణికట్టునకే బిగుతు గడియారము, దానిపై గాజులు, భుజమున కూరల సంచి! గాజులను పైకి త్రోసికొనుడు, పట్టీని ఒక రంధ్రము వదులు చేయుడు, సంచిని బండి కొక్కెమునకు తగిలింపుడు. ఇంటికి వచ్చి అదే చేతితో తడిబట్ట పిండకుడు. గడియసేపు ఆగి పిండినను ఆరును. రాత్రివేళ మణికట్టును తిన్నగా నిలుపు పట్టీ కట్టుకొని నిద్రించుట మాకు చెప్పిన ముఖ్యమైన చికిత్స. ముడిచిన చేతిని తలక్రింద పెట్టుకొని నిద్రించుట మా చిన్ననాటి అలవాటు. మొదటి వారము ఆ పట్టీ సంకెలవలె తోచినది.

బండి దిగిన కొద్ది నిమిషములలో పోవు తిమ్మిరికి పైచెప్పినవి చాలును. దిగిన తరువాతను నిలిచినచో, రాత్రులు లేపినచో, వస్తువులు చేజారినచో, బొటనవ్రేలి మొదటి కండ పలుచబడినచో వైద్యునికి చూపక జాగు చేయరాదు; ముదిరిన నరము శస్త్రచికిత్స చేసినను పూర్తిగా కోలుకొనకపోవచ్చును. పాదములును మొద్దుబారినచో మధుమేహమునకును, బి12 లోపమునకును రక్తము చూపింపవలయును. శాకాహారులమైన మనలో ఈ రెండవది అరుదు కాదు. అకస్మాత్తుగా ఒక ప్రక్క చేయి మొద్దుబారి, మూతి వంకరపోయి, మాట తడబడినచో అది వేఱు జబ్బు. ఆ క్షణముననే 108కి ఫోను చేయవలయును.

ఒంటిపై స్పర్శలేని మచ్చయు చేతి తిమ్మిరియు కలిసియున్నచో కుష్ఠమేమోయని పరీక్ష చేయింపవలయును. ఈ మాట పత్రికలో వ్రాయవచ్చునా యని ఆలోచించి వ్రాయుచున్నాము. మా సుచిత్ర నుండి ఇదే రహదారిని ఉత్తరముగా పోయినచో డిచ్‌పల్లి వచ్చును. ఇసబెల్ కెర్ అను స్కాట్లండు వైద్యురాలు ఇరువదవ శతాబ్దపు రెండవ దశకమున అచట కుష్ఠరోగులకు ఆసుపత్రి నెలకొల్పినది. ఆనాడు సరియైన మందు లేదు. 1981 నుండి ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించిన మందుల కలయికచే ఆరు మాసములలోనో సంవత్సరములోనో రోగము కుదురును; ప్రభుత్వ వైద్యశాలలలో ఆ మందులు ఉచితము. దాచినవారికే వ్రేళ్లు వంకరపోవును.

మావారి వ్రేళ్లు ఐదవ వారమునకు ముద్దను అంటినవి. చిటికెనవ్రేలి కొన మాత్రము ఇంకను కొంచెము మొద్దుగా నున్నదట. ఈసారి అడుగకుండనే చెప్పిరి. మేము థైరాయిడు మాత్ర వేసికొనుచున్నాము. గడచిన నెలలో రెండు రాత్రులు మాత్రమే మెలకువ వచ్చినది. దుప్పట్లు పిండుట ఇప్పుడు మా పెద్దవాని వంతు. వాడు పిండినవి రెండుదినములు ఆరవు. కలము చాలసేపు పట్టరాదన్నారు గావున, ఈ వ్యాసమున కండ్లకోయ తరువాతి భాగమంతయు మేము చెప్పుచుండగా మావారు వ్రాసిరి. నలుని ప్రసంగము తీసివేయుమని రెండుమార్లు అడిగిరి. మేము ఒప్పుకొనలేదు.