పచ్చ అట్ట నోటుబుక్కులో పేరు

జీడిమెట్లలో ఒక ప్లాస్టిక్ మౌల్డింగ్ షెడ్డులో పదకొండేళ్లు టైమాఫీసు చూశాను. బల్ల మీద మస్టరు, సొరుగులో పచ్చ అట్ట నోటుబుక్కు. మస్టరులో ఎప్పుడూ 19 పేర్లే. ఇరవయ్యోవాడు చేరితే పీఎఫ్ కట్టాలి. అందుకని ఆ తర్వాత వచ్చినవాళ్లంతా నోటుబుక్కులోకి పోయేవారు. శనివారం సాయంత్రం వాళ్లచేత ఓచరు మీద సంతకం పెట్టించుకుని డబ్బులిచ్చేవాణ్ని. ఆ రాతంతా నా చేతిదే.

పలాస వైపు కుర్రాడొకడు చేరిన వారంలోనే అడిగాడు: “నా పేరు ఎక్కించీసేరా అన్నా?” ఎక్కించానన్నాను. ఏ పుస్తకమో చెప్పలేదు. నాలుగు నెలలకు నైట్ షిఫ్టులో అచ్చుల మధ్య చెయ్యి పడి రెండు వేళ్లు పోయాయి. పీసులు ఎక్కువ రావాలని ఆ మెషీన్ గార్డు ఎప్పుడో తీసేశారు. సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆస్పత్రి ఆటోలో అరగంట దూరం. మస్టరులో పేరు లేదు, ఈఎస్‌ఐ కార్డూ లేదు కాబట్టి పక్క సందులో క్లినిక్కుకు తీసుకెళ్లాం. కుట్లకూ, ఊరికి రైలు టికెట్టుకూ ఓనరు డబ్బులిచ్చాడు. సంతకం పెట్టే చెయ్యి కట్టులో ఉంది, ఎడమచేతి బొటనవేలి ముద్ర నేనే వేయించుకున్నాను. వాడు పరిహారం అడగాలంటే మా దగ్గర పనిచేశాడనడానికి వాడి చేతిలో ఒక్క కాగితం లేదు.

2025 నవంబర్ 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయంటే నేను ముందు వెతికింది ఎంతమంది ఉంటే చట్టం వర్తిస్తుందో చెప్పే అంకెల కోసమే. కోడ్‌లలో మంచి ఉంది. కనీస వేతనం హక్కు అన్ని రంగాల కార్మికులకూ వచ్చింది. నిర్ణీత కాలానికి తీసుకున్నవాళ్లకు ఏడాది పనికే గ్రాట్యుటీ. 29 చట్టాల రిటర్నులు ఒకచోటికి రావడమూ మేలే, ఆ కాగితాల బరువు నేను మోశాను. కానీ కరెంటుతో నడిచే షెడ్డు ఫ్యాక్టరీ కిందికి రావాలంటే ఇదివరకు 10 మంది చాలు, ఇప్పుడు 20 మంది ఉండాలి. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు 20 నుంచి 50కి, ఫ్యాక్టరీ మూసివేతకు ప్రభుత్వ అనుమతి 100 నుంచి 300కి వెళ్లాయి. చిన్న పరిశ్రమలకు ఊపిరి అంటున్నారు. గీత ఎక్కడ గీస్తే మస్టరు దానికి ఒకటి తక్కువ దగ్గర ఆగుతుంది. ఇది నేను నా చేత్తో చేసిన పని కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

మస్టరులో పేరు ఎందుకు ముఖ్యమో ప్రమాదం రోజున తెలుస్తుంది. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారం మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగాక లోపల ఎవరెవరున్నారో తేల్చడానికే రోజులు పట్టింది. బిహార్, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు గేటు దగ్గర ఎదురుచూశాయి.

మా షెడ్డుకు వచ్చిన తనిఖీ అధికారులు కుర్చీలో కూర్చుని మస్టరు తిరగేసేవారు. లేచి మెషీన్ల దగ్గర తలలు లెక్కపెట్టినవారు లేరు. కొత్త కోడ్ ఆ అధికారికి సలహాదారు పాత్ర కూడా అప్పగించింది. సలహా ఇవ్వనివ్వండి, ముందు తలలు లెక్కపెట్టమనండి.

రెండు తెలుగు ప్రభుత్వాలనూ నేను అడిగేది ఒక్కటి. నియామకపత్రం ఇవ్వాలని కోడ్ చెబుతోంది. దాన్ని ఓనరు బీరువాకు వదిలేయకండి. చేరిన రోజే పేరు ఆన్‌లైన్‌లో ఎక్కాలి, ఎక్కినట్టు పనివాడి ఫోనుకు వాడి భాషలో, తెలుగో హిందీయో ఒడియానో, కబురు రావాలి. అప్పుడే అలాంటి ఏర్పాటు ఉండి ఉంటే, ఆ కుర్రాడికి నన్ను అడగాల్సిన పనే ఉండేది కాదు.