ఒకే త్రోవలో మరల మరల

పెండ్లి పందిరి మీదను, దేవాలయపు కల్యాణోత్సవము మీదను, పాఠశాల వార్షికోత్సవము మీదను నేడు కెమెరా డ్రోను ఎగురుట వింత గాదు. నడుపువాని వ్రేళ్లకు పని పెట్టక, తెరమీది గుర్తు నొకదానిని తాకినంతమాత్రమున తానే లేచి, తానే తిరిగి, తానే చిత్రించి, బయలుదేరిన చోటికే మరలివచ్చు స్వయంచాలక గమనములును దానితోబాటు వచ్చినవి. వీనిని చూచి మురియువారు పెక్కురు. ఇవి కెమెరాకళకు చేటని విసుగుకొనువారు కొందరు. ఈ ఇరుతెగలవారును వీనిని వినోదసామగ్రిగానే ఎంచుచున్నారని నా తలంపు. ఒకసారి ఎగిరిన త్రోవను ఏండ్లు గడచినను మరల ఎగురగల శక్తి ఈ యంత్రములకు కలదు. మనుష్యహస్తమునకు లేని ఈ శక్తిని జంషెడ్‌పూరు నదులకును వాడలకును ఒక దృశ్యచరిత్రను కూర్చుటకు వినియోగింపవలెననియు, ఆ పనికి ఇచ్చటి తెలుగు సంఘములు ముందుగా పూనుకొనవలెననియు నేను కోరుచున్నాను.

విమానము తనంతట తాను నిలుకడగా ఎగురుట క్రొత్త సంగతి కాదు. 1914 జూన్‌లో పారిస్ చెంత సీన్ నదిపై లారెన్స్ స్పెర్రీ అను అమెరికా యువకుడు, జైరోస్కోపు సాయముతో పనిచేయు పరికరమును తన విమానమునకు అమర్చి, రెండు చేతులును పైకెత్తి చూపరుల ముందు ఎగిరిపోయెను. సహాయకుడు రెక్కమీదికి నడచిపోయినను విమానము ఒరిగిపోలేదు. ఆ సూత్రమే నేడు గోరంత చిప్పులో ఇమిడి డ్రోనులోనికి వచ్చినది. దానికి ఉపగ్రహములు తెలుపు స్థానమును, దిక్సూచియు, గాలి ఒత్తిడినిబట్టి ఎత్తును లెక్కించు పరికరమును, పరిసరములను కనిపెట్టు చిన్న కెమెరాలును తోడైనవి. 2015లో డి.జె.ఐ. సంస్థ తన డ్రోనులకు గుర్తించిన బిందువుల వెంట సాగు వేపాయింటు, నడుపువానిని వెంబడించు ఫాలో మీ మొదలైన గమనములను చేర్చినది. 2016లో వచ్చిన ఫాంటమ్ 4 తెరపై గుర్తించిన మనిషిని వెంబడించుటయు, ఎదురైన అడ్డును గ్రహించి ఆగుటయు నేర్చినది. 2017లో వచ్చిన స్పార్క్‌తో క్విక్‌షాట్లు అను సిద్ధపు వరుసలు సామాన్యుని చేతికి అందినవి.

ఈ సిద్ధపు వరుసలలో డ్రోనీ అనుదానిని ఎంచుకొని ఒకడు నది ఒడ్డున నిలిచెననుకొందము. తెరపై అతని చుట్టును ఒక చదరము గీయబడును. గుర్తును తాకగానే మూడు, రెండు, ఒకటి అని అంకెలు నడచును. డ్రోను అతనిమీదనే చూపు నిలిపి వెనుకకును పైకిని ఏటవాలుగా సాగిపోవును. కొలది సెకన్లలో మనిషి చుక్కయై, చుట్టును ఇసుకయు, నీరును, దూరపు కొండయు విచ్చుకొనును. సర్కిలు అతని చుట్టును తిరుగును. హీలిక్సు తిరుగుచునే పైకి పోవును. రాకెట్టు నిట్టనిలువున లేచి క్రిందికి చూచును. రిమోటుమీది రెండు స్టిక్కులను ఒకేమారు కదుపుచు ఇంత మెత్తని వలయమును గీయుట చేయి తిరిగినవానికి గూడ కష్టమే గనుక, ఇవి నిష్ప్రయోజనములని నేననను. అయినను వీని కూర్పంతయు నడుమ నిలిచిన ఒక వ్యక్తికొరకే. దల్మా కొండ యైనను, భీమిలి తీరమైనను అతని వెనుక వ్రేలాడు తెరయే యగును. వంపు, వేగము, దూరము చాలవరకు తయారుచేసినవారు ముందే నిర్ణయించి యుంచుటచే, ఎచ్చట తీసిన వీడియో యైనను ఒకే అచ్చులో పోసిన ఉక్కు దిమ్మెవలె రెండవదానిని పోలియుండును. ఉత్సవము గడచిన పిదప చూచినచో ఊరును గూర్చి అది చెప్పునది స్వల్పము.

దీనికి భిన్నముగా, వేపాయింటు గమనమున త్రోవను నడుపువాడే గీయవలెను. మొదట డ్రోనును చేతితో నడిపి, ముఖ్యమైన ప్రతిచోటను స్థానమును, ఎత్తును, కెమెరా వంపును, ముఖము త్రిప్పవలసిన దిక్కును గుర్తింపజేసి, నడుమ పోవలసిన వేగమును నిర్ణయించి, ఆ త్రోవకు ఒక పేరు పెట్టి దాచవలెను. దేనిని చూపవలెను, ఎందులకు చూపవలెను అను ప్రశ్నకు తనలో తాను బదులు చెప్పుకొననివానికి ఇందులో ఒక్క బిందువైనను కుదరదు. దాచిన త్రోవను మరునాడు పిలిచినను, మరుసటియేడు పిలిచినను యంత్రము దానినే అనుసరించును. సామాన్యపు డ్రోనుకు ఒకటి రెండు మీటర్ల తేడా వచ్చిన రావచ్చును గాని, విశాలమైన నదీతీరమును చూచునప్పుడు అది లెక్కకు రాదు.

అయినను పోలికకు పనికివచ్చు చిత్రము దొరకవలెనన్నచో కొన్ని నియమములు తప్పవు. ఇట్టి డ్రోనులు సాధారణముగా తమ ఎత్తును తాము లేచిన చోటినుండియే లెక్కించుకొనును. ఒకనాడు గట్టుమీదనుండియు, మరియొకనాడు దిగువనున్న ఇసుకతిన్నెనుండియు లేపినచో త్రోవయంతయు అంతమేర క్రుంగిపోవును గనుక, లేచుచోటును ఒక రాతిగుర్తుతో స్థిరపరుపవలెను. ఎగురు వేళయు ఒకటే కావలెను. లేనిచో నీడలు మారి పోలిక చెడును. వెలుగును రంగును సరిచూచుకొను పని కెమెరాకు వదలక, మొదటినాడు నిర్ణయించిన కొలతలనే చేతితో బిగింపవలెను. త్రోవను యంత్రమునకు ఇయ్యవచ్చును గాని రంగును గూడ దానికే ఇచ్చినచో, అదే నీరు ఒకనాడు నీలముగను మరియొకనాడు పసుపుగను తోచి, మారినది నదియో కెమెరాయో తెలియకపోవును.

జంషెడ్‌పూరునకే ఇట్టి చిత్రణ ఏల యని అడుగవచ్చును. ఈ పట్టణము నీటిని చూచుకొని పుట్టినది. టాటా ఉక్కు కర్మాగారమునకు తావుకొరకు సి.ఎం. వెల్డ్ మొదలైన అన్వేషకులు ఛోటానాగపూర్ అడవులలో వెదకి వెదకి, సువర్ణరేఖయు ఖర్కాయియు కలియు తావునకు చెంతనున్న సాక్చి గ్రామమును ఎంచుకొనిరి; 1912లో ఇచ్చట మొదటి ఉక్కు దిమ్మె వెలువడినది; 1919లో కర్మాగార వ్యవస్థాపకుడైన జంషెట్జీ టాటా పేరు ఊరికి పెట్టబడినది. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము, గంజాము ప్రాంతములనుండి కొలువులకై తరలివచ్చిన తెలుగువారు తరతరములుగా బిష్టుపూరు, కద్మా, సోనారీ, టెల్కో వాడలలో నివసించుచున్నారు; బిష్టుపూరులోని ఆంధ్రభక్త శ్రీరామమందిరము వారికి భక్తిస్థానమును, కూడలియు గూడ. సువర్ణరేఖా ఖర్కాయి నదుల సంగమమును ఇచ్చటివారు దోముహానీ యందురు. వేసవిలో అచ్చట నీరు సన్నగిలి బండలును ఇసుకమేటలును తేలును. వర్షకాలమున అదే చోట ఎర్రనీరు గట్ల నొరసి పారును. మకర సంక్రాంతినాడు స్నానములకు వచ్చు జనముతోను, టుసు పండుగకై చౌడళ్లు అను రంగు కాగితపు గోపురములను మోసికొనివచ్చు పల్లెవారితోను ఆ తీరము నిండిపోవును. ఒకే త్రోవను చైత్రమున, శ్రావణమున, కార్తికమున, పుష్యమున ఎగిరినచో ఒక్క సంవత్సరములోనే నది నాలుగు రూపములును ప్రక్కప్రక్కన నిలుచును. పదేండ్లు ఎగిరినచో గట్టు ఎచ్చట కోసికొనిపోయినదియు, కట్టడములు ఎంత ముందునకు జరిగినవియు, ఏ కాలువ మురికి ఎంత దూరము ప్రాకినదియు పామరునకు గూడ కంటికి కట్టినట్లు తెలియును. 2021 మే నెలలో యాస్ తుపాను వెంట ఈ నదులు పొంగి పల్లపు వాడలలోనికి నీరు చొచ్చినది. అట్టి వేళ ముందటి యేటి చిత్రము ప్రక్కన నున్నచో, నీరు వచ్చు దారిని ముందుగా ఊహించుటకును, పరిహారము అడుగువానికి సాక్ష్యముగా నిలుచుటకును అది పనికివచ్చును.

ఇందలి అపాయములను చిన్నవిగా చూపుట నాకు సమ్మతము గాదు. అడ్డులను గ్రహించు కెమెరాలు సన్నని విద్యుత్తీగలను, ఆకురాలిన కొమ్మలను తరచుగా చూడజాలవు. కదలు నీటిపై తక్కువ ఎత్తున ఎగిరినచో క్రిందిని చూచు కెమెరా భ్రమపడును. ఇనుప వంతెన చెంతనైనను, కడ్డీలు నిండిన కాంక్రీటు డాబామీదనైనను దిక్సూచి తబ్బిబ్బగును, ఉక్కుపట్టణమున అట్టి తావులకు కొదువ లేదు. డ్రోను మ్రోతకు ఏనుగులు బెదరును గనుక, దల్మా అభయారణ్యమువైపు అటవీశాఖ అనుమతి లేక పోరాదు. గుమిగూడిన జనము మీదుగా స్వయంచాలక గమనమును ఎన్నడును నడుపరాదు. సంక్రాంతినాటి తీరమును నీటివైపునుండియే చూడవలెను. గమనము యంత్రము చేతిలో నున్నప్పుడు కన్ను తెరమీదనుండి లేచి ఆకాశముమీద నిలువవలెను, బొటనవ్రేలు ఆపు గుర్తును విడువరాదు.

చట్టమును గూడ చూడవలెను. 2021 ఆగస్టులో వెలువడిన డ్రోను నియమముల ప్రకారము దేశపు ఆకాశము ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలములుగా విభజింపబడినది. పనిచేయుచున్న విమానాశ్రయపు ఎల్లనుండి 8 కిలోమీటర్లు మొదలు 12 కిలోమీటర్ల వరకు 200 అడుగుల ఎత్తు వరకు మాత్రమే అనుమతి అక్కరలేని ఆకుపచ్చ మండలము. అంతకు లోపలి ప్రదేశమున అనుమతి కావలెను. 250 గ్రాములు మించని నానో డ్రోనుకు పైలటు ధ్రువపత్రము అక్కరలేదు గాని, మండలముల కట్టుబాటు దానికిని తప్పదు. సోనారీ విమానాశ్రయము పట్టణములోనే యున్నది. దోముహానీయు, కద్మాయు, బిష్టుపూరును దానికి కొలది దూరములోనివే. కావున తోచినప్పుడు డ్రోను ఎగురవేయు ఒంటరి యువకునకు ఇది తగిన పని కాదు. ఈ మండలములను చూపు డిజిటల్ స్కై పటమును చూచి, త్రోవను కాగితముపై గీసి, ఎత్తును వేళను తెలిపి అధికారులను ఒప్పింపగల సంస్థకు తగిన పని. స్వయంచాలక గమనము ఇచ్చట అనుకూలమే యగును. నేను ఎచ్చట ఎగిరెదనో ముందుగా అణువణువునను చెప్పగలుగుట చేతితో నడుపువానికి సాధ్యము గాదు, దాచిన త్రోవ గలవానికి సాధ్యము.

దేశమున ఇట్టి పనికి పోలిక లేకపోలేదు. 2020 ఏప్రిల్‌లో ఆరంభమైన స్వామిత్వ పథకమున డ్రోనులు ముందుగా గీసిన వరుసలలో ఎగిరి పల్లెల ఇండ్ల హద్దులను పటములకు ఎక్కించుచున్నవి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు మేడలపై చిక్కుకొన్నవారికి డ్రోనులు ఆహారపు పొట్లములను చేరవేసినవి. ప్రభుత్వములు చేయగలిగిన దానిలో ఒక చిన్న పాలు పౌరసంఘములు చేయలేవా? తెలుగు సంఘములు ఉగాది కవిసమ్మేళనములకును, శ్రీరామనవమి ఉత్సవములకును యేటేట చందాలు కూర్చి, లెక్కలు వ్రాసి, తరముల తరబడి ఒక పద్ధతిని నిలుపుట ఎరుగును. ఈ పనికి కావలసినదియు అట్టి ఓర్పే. నాలుగు ఋతువులకు నాలుగు దినములు, స్థిరమైన ఒక త్రోవ, ధ్రువపత్రము గల ఒక పైలటు, ఆకాశమును కనిపెట్టి చూచు ఒక తోడు, తేదీయు వేళయు నదిమట్టమును వ్రాయు ఒక పుస్తకము చాలును. ఇండ్ల పెరళ్లును మనుష్యుల ముఖములును ఆనవాలు పట్టరానంత ఎత్తున త్రోవను గీయవలెను. సంగీతము చేర్చి కత్తిరించిన ముక్కలను గాక, తీసినదానిని తీసినట్లే దాచి, అడిగిన విద్యార్థికిని, పురపాలకునికిని, వరదబాధితునికిని ఇయ్యవలెను.

మనుమల పుట్టినరోజునకు డ్రోనీ తీయువారు తీయుదురు గాక. దానివలన ఎవరికిని నష్టము లేదు. అయితే తాతలు పొట్టచేతబట్టుకొని వచ్చి నిలిచిన ఈ గడ్డ ఎట్లుండెనో, ఎట్లు మారెనో మనుమలకు చూపుట అంతకంటె పెద్ద ఋణము. ఆ ఋణము తీర్చు పనిముట్టు నేడు మన చేతిలో నున్నది. రానున్న సంక్రాంతిలోపుగా ఒక సంఘమైనను త్రోవపటమును గీసి, అనుమతికై దరఖాస్తు పెట్టవలెనని నా మనవి.