విన్న నిజం, వినబడని నిజం

హత్యాకథ అనగానే మనకు కుశాగ్రబుద్ధియైన అపరాధ పరిశోధకుడు, చివరి పుటలో విడిపోయే చిక్కుముడి స్ఫురిస్తాయి. 1949 జూన్‌లో అమెరికాలోని ఎన్.బి.సి. రేడియోలో ప్రారంభమైన ‘డ్రాగ్‌నెట్’ నాటకాలు ఈ సంప్రదాయాన్ని త్రోసిపుచ్చాయి. వాటిలోని సార్జెంటు జో ఫ్రైడే అసాధారణ మేధావి కాడు. నెలజీతం మీద బ్రతికే ఉద్యోగి. ఇంటింటికీ వెళ్ళి ప్రశ్నిస్తాడు, విన్నది వ్రాసుకుంటాడు, తరచు రిక్తహస్తాలతో తిరిగి వస్తాడు.

ఫ్రైడే పాత్రధారి, నాటకాల సృష్టికర్త జాక్ వెబ్. 1948లో ఒక నేరకథా చిత్రంలో నటించినప్పుడు, దానికి సలహాదారుగా వచ్చిన లాస్ ఏంజెలిస్ పోలీసు సార్జెంటు మార్టీ విన్‌తో ఆయనకు పరిచయమయింది. అసలు కేసులనే నాటకాలుగా మలచవచ్చునన్న విన్ సూచన బీజమయింది. పోలీసుశాఖ తన దస్త్రాలను అందించింది. నిర్దోషులకు అపకీర్తి రాకుండా పేర్లు మార్చారు.

1949 క్రిస్మస్‌కు ముందు ప్రసారమైన ఒక నాటకంలో ఇద్దరు బాలురు అదృశ్యమవుతారు. పండుగ కానుకగా ఇంట్లో దాచిన తుపాకి పేలి వారిలో ఒకడు మరణించినట్లు చివరకు తేలుతుంది. పట్టుకొనవలసిన హంతకుడు లేడు. కుమారుని కోల్పోయిన తండ్రి, వానికై కొన్న కానుకలను బ్రతికిన బాలునికి ఇచ్చివేస్తాడు. ఉద్రేకం లేని ఆ కథనమే శ్రోత గుండెను పిండివేస్తుంది.

బ్రిటన్‌లో నిర్మితమైన ‘బ్లాక్ మ్యూజియం’ మార్గం వేరు. స్కాట్లండ్ యార్డు భద్రపరచిన ఏదో ఒక సామాన్య వస్తువును చూపుతూ, ఆర్సన్ వెల్స్ తన గంభీర స్వరంతో దాని వెనుకనున్న హత్యోదంతాన్ని వినిపించేవాడు.

అయితే యథార్థం అన్న మాటను కొంత ఆలోచించి స్వీకరించాలి. దస్త్రాలిచ్చిన పోలీసుశాఖే ‘డ్రాగ్‌నెట్’ రచనలను పరిశీలించి ఆమోదించేది. 1951 క్రిస్మస్ నాడు అదే శాఖకు చెందిన పోలీసులు తమ నిర్బంధంలో ఉన్న ఏడుగురు యువకులను దారుణంగా కొట్టారు. ఆ కేసులో అయిదుగురు పోలీసులు దోషులుగా నిర్ణయింపబడ్డారు. ఫ్రైడే లోకంలో అటువంటి పోలీసులకు చోటు అరుదు.

ఈ నాటకాల రికార్డులు అనేకం నేటికీ లభిస్తున్నాయి. అవి తప్పక వినదగినవి. హతుని బంధువుల దుఃఖాన్ని వినోదంగా దిగజార్చకుండా చెప్పిన నేర్పు వాటిలో ఉన్నది. కాని వినేవారు ఒక్క ప్రశ్న మరువరాదు: ఈ కథను పోలీసు చెప్పాడు, నిందితుడు చెప్పి ఉంటే ఎలా ఉండేది?