పండు కావాలి, పొద వద్దా?

కలె పండ్లు తినని తెలంగాణ ఆడపిల్ల ఉంటుందా? నాలుక బంకబంకగా అయినా దొప్ప ఖాళీ అయ్యేదాకా ఆపబుద్ధి కాదు. అదే కలె పువ్వు చూశారా అంటే మాత్రం చాలామంది ఆలోచనలో పడతారు. నేనూ పెళ్ళై పోతిరెడ్డిపల్లి వచ్చాకే చూశాను.

ఉగాది ముందు వేపపువ్వు కోసం కాలనీ వెనక బీడుకు వెళ్ళాం. ఎక్కడినుంచో మల్లెల వాసన. చూస్తే మల్లెతీగ లేదు. నడుమెత్తు ముళ్ళపొద, దాని నిండా అయిదు రేకల తెల్లటి చిన్న పూలు. చుట్టూ గడ్డంతా ఎండిపోయినా అదొక్కటే పచ్చగా ఉంది. "కలె చెట్టు గదా, గుర్తు పట్టలేదా?" అని అత్తమ్మ నవ్వింది.

నిరుడు ఆ బీడును చదును చేశారు. ప్లాట్ల కోసం కాదండీ, మొక్కలు నాటడానికి! గుంతలకు అడ్డమని పొదలన్నీ జేసీబీతో పెకిలించారు. నాటిన మొక్కలకేమో ట్యాంకరు నీళ్ళు. అయినా సగం ఎండిపోయాయి. ఎవరూ చెంబెడు నీళ్ళు పోయకపోయినా బతికేదాన్ని తీసేసి, ఇదేం పచ్చదనమో!

మన రాతినేలల మీద అడవంటే చాలాచోట్ల ఈ ముళ్ళపొదలే. కలె, రేగు, పరికి. పిగిలిపిట్టలు పండు తిని గింజను ఇంకోచోట పడేస్తాయి. ముళ్ళ మధ్య మొలిచిన వేపమొక్క మేక నోట పడకుండా ఎదుగుతుంది. కాగితాల్లో మాత్రం అది 'బంజరు'.

ఇంకో తమాషా. 65వ నంబరు జాతీయ రహదారి మధ్యలో గన్నేరు పెంచుతున్నారు కదా, అదీ కలె కుటుంబానిదే. రెంటినీ తుంపితే పాలు కారతాయి. విషమున్న చుట్టానికి రాజమర్యాద, తినే పండిచ్చేదానికి జేసీబీ!

పటాన్‌చెరు పక్క నక్కవాగు కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. నీళ్ళు రంగు మారితే కళ్ళకు కనిపిస్తుంది. పొద పోతే అడిగేవారెవరు?

పొదల్లో పాములుంటాయని పక్కింటావిడ భయం. నిజమే, గుమ్మం ముందు ఎవరూ పెంచమనరు. పార్కు చివర, ప్రహరీ వెంట కంచెగా ఉంచడానికేం? పెద్దకాయల వాకాయ దీనికి అక్కలాంటిది. దాన్ని తోటలకు కంచెగా వేస్తూనే ఉన్నారు, పప్పులో వేసుకుంటూనే ఉన్నాం.

మొన్న మృగశిర కార్తెలో చౌరస్తా దగ్గర ఒక ముసలమ్మ కలె పండ్లు అమ్ముతూ కనిపించింది. ఇక్కడివేనా అవ్వా అన్నాను. "ఇక్కడ చెట్లేడున్నయి బిడ్డా? నారాయణఖేడ్ దిక్కుకెల్లి తెస్తున్న" అంది.

తిన్నాక గింజలు పారేయలేదు. కొంగున కట్టుకొచ్చి పార్కు గోడ వెంట వేశాను. అక్కడ గుంతలు తవ్వొద్దని కాలనీ కమిటీకి ఇంకా చెప్పాలి.