ఆ కాలు అమ్ముడుపోలేదు

2018 మే 20 రాత్రి. రోమ్‌లోని ఒలింపికో స్టేడియంలో లాజియో, ఇంటర్ మిలన్ జట్లు ఇటలీ లీగ్ సీజన్‌లో తమ ఆఖరి మ్యాచ్ ఆడుతున్నాయి. ఛాంపియన్స్ లీగ్ బెర్తు కావాలంటే ఇంటర్ గెలిచి తీరాలి. లాజియోకు డ్రా చాలు. 78వ నిమిషం దాకా లాజియోదే 2-1 ఆధిక్యం. అప్పుడు పెనాల్టీ బాక్సులో ఇంటర్ ఆటగాడు మౌరో ఇకార్ది బంతిని ఒక్క అంగ ముందు అందుకున్నాడు. అడ్డుపడబోయిన లాజియో డిఫెండర్ కాలు బంతికి కాక ఇకార్దికి తగిలింది. పెనాల్టీ, గోల్, 2-2. ఆ వెంటనే లాజియో ఆటగాడు లులిచ్ రెండో పసుపు కార్డుతో బయటికెళ్లాడు. 81వ నిమిషంలో కార్నర్ నుంచి వచ్చిన బంతిని వెసినో తలతో వలలోకి కొట్టాడు. ఇంటర్ 3, లాజియో 2. రెండు జట్లకూ 72 పాయింట్లే. డిసెంబరులో మిలన్‌లో ఆడిన మ్యాచ్ గోల్ లేకుండా డ్రా అయింది కాబట్టి ముఖాముఖి లెక్కలో ఇంటర్ ముందుకెళ్లింది.

ఆ డిఫెండర్ స్టెఫాన్ డి వ్రై. నెదర్లాండ్స్‌వాడు, నాలుగేళ్లుగా లాజియో రక్షణకు మూలస్తంభం. అతని ఒప్పందం జూన్ నెలాఖరుతో ముగిసిపోతుంది. తర్వాత చేరబోయేది ఇంటర్ మిలన్‌లోనేనని అప్పటికే ఇటలీ పత్రికలన్నీ రాసేశాయి.

ఇక చెప్పేదేముంది! అమ్ముడుపోయాడన్నారు, కావాలనే కాలు పెట్టాడన్నారు. కాస్త పెద్దమనిషి తరహాలో మాట్లాడినవాళ్లు మాత్రం ‘అతన్ని ఆడించకుండా ఉండాల్సింది’ అన్నారు. ఈ మూడో మాట వినడానికి సబబుగానే ఉంటుంది గానీ, అసలు అన్యాయం దాంట్లోనే ఉంది. ఆ రాత్రి డి వ్రై ఆడటమే సరైన పని. అతన్ని ఆడించడమూ సరైన పనే.

ముందు నిబంధన సంగతి చూద్దాం. ఒప్పందం గడువు ఆరు నెలల్లోకి వస్తే ఆటగాడు మరో క్లబ్బుతో మాట్లాడుకుని సంతకం పెట్టుకోవచ్చు. ఇది ఫిఫా ఇచ్చిన హక్కు. గడువు తీరిన ఆటగాడి మీద పాత క్లబ్బు డబ్బు అడగకూడదని 1995లో బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మన్ కేసులో యూరప్ న్యాయస్థానం తేల్చాక ఈ పద్ధతి స్థిరపడింది. అంతకుముందు గడువు ముగిసినా ఆటగాడు క్లబ్బు ఆస్తి కిందే లెక్క. బోస్మన్ కోర్టుల చుట్టూ తిరిగి తన కెరీర్‌ను పోగొట్టుకుని సాధించిన హక్కు అది. దాన్ని వాడుకున్నవాణ్ని ద్రోహి అనడం, సెలవు పెట్టుకున్న ఉద్యోగిని పని దొంగ అన్నట్టే ఉంటుంది.

మన ఐపీఎల్‌లో ఈ చిక్కు లేదు. వేలం, బదిలీలు అన్నీ సీజన్‌కూ సీజన్‌కూ మధ్యలో అయిపోతాయి. హైదరాబాద్ జెర్సీ వేసుకున్నవాడు వచ్చే ఏడు చెన్నైకి వెళ్తాడో లేదో ఆడేటప్పుడు అతనికే తెలియదు. యూరప్ ఫుట్‌బాల్లో మాత్రం ఐదారు నెలలపాటు ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ. చివరి రోజున ఆ రెండు క్లబ్బులే తలపడటం కేవలం షెడ్యూలు పుణ్యం.

ఇలాంటి పరిస్థితిలో పడింది డి వ్రై ఒక్కడే కాదు. మ్యాట్స్ హుమ్మెల్స్ 2016లో బయెర్న్ మ్యూనిక్‌కు వెళ్లడం ఖాయమయ్యాక కూడా డార్ట్‌మండ్ కెప్టెన్‌గా జర్మన్ కప్ ఫైనల్ ఆడాడు. ప్రత్యర్థి బయెర్నే! 2014లో చెల్సీ సొంత గోల్‌కీపర్ కోర్త్వా అట్లెటికో మాడ్రిడ్‌కు అద్దె మీద ఆడుతూ ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్లో చెల్సీకే ఎదురు నిలబడ్డాడు. అతన్ని ఆపే ఒప్పందం ఏదైనా చెల్లదని యూఈఎఫ్ఏ తేల్చిచెప్పింది. లండన్‌లో జరిగిన మ్యాచ్‌లో అట్లెటికో 3-1తో గెలిచి ఫైనల్‌కెళ్లింది. ఇక 2020 ఆగస్టులో బార్సిలోనాను బయెర్న్ 8-2తో చిత్తు చేసిన రాత్రి, చివరి రెండు గోల్స్ కొట్టిన కౌటినో ఎవరి ఆటగాడనుకున్నారు? బార్సిలోనావాడే, బయెర్న్‌కు అద్దెకిచ్చారు. తన అసలు క్లబ్బు నెత్తిన రెండు గోల్స్ వేసినవాణ్ని చూసి ప్రపంచమంతా నవ్వుకుంది తప్ప, ఎవరూ విచారణ అడగలేదు.

తేడా ఎక్కడుందంటే, వాళ్లెవరూ మ్యాచ్‌ను మార్చేసే తప్పు చేయలేదు. డి వ్రై తప్పు చేశాడు. పైగా డిఫెండర్. స్ట్రైకర్ ఖాళీ గోల్ ముందు బంతిని ఆకాశంలోకి తన్నితే ‘పాపం, అదృష్టం లేదు’ అంటాం. డిఫెండర్ కాలు అర సెకను ఆలస్యమైతే చాలు, వాడి మనసులో ఏముందోనని వెతుకుతాం.

ఆ మాటకొస్తే లాజియో కొంప మునిగింది ఆ నిమిషంలో కాదు. అంతకు వారం ముందు ఇంటర్ తన సొంత మైదానంలో ససువోలో చేతిలో ఓడి బంగారంలాంటి అవకాశం ఇచ్చింది. మర్నాడు లీగ్ నుంచి జారిపోయే అంచున ఉన్న క్రొతోనె మీద లాజియో గెలిచి ఉంటే ఆఖరి మ్యాచ్‌తో పనే ఉండేది కాదు. 2-2తో సరిపెట్టుకుంది. ఆ డ్రాకు ఎవరూ కుట్ర అంటగట్టలేదు.

ఈ కేసులో అందరికంటే బలమైన సాక్షి సిమోనే ఇన్‌జాగీ. ఆ రాత్రి లాజియో కోచ్ ఆయనే. డి వ్రైని జట్టులో పెట్టిందీ, ఛాంపియన్స్ లీగ్ పోగొట్టుకుందీ ఆయనే. 2021లో అదే ఇన్‌జాగీ ఇంటర్ కోచ్‌గా వచ్చాడు. అక్కడ డి వ్రై ఉన్నాడు. నిజంగా తనను ముంచాడనుకుంటే కొత్త కోచ్‌కు ఆటగాణ్ని వదిలించుకోవడం ఎంతసేపు? నాలుగు సీజన్లు కలిసి పనిచేశారు. 2024లో కలిసి ఇటలీ టైటిల్ గెలిచారు.

నిజానికి పెనాల్టీ ఇచ్చి తేరుకోవడం డి వ్రైకి అంతకు నాలుగేళ్ల ముందే అనుభవం. రోటర్‌డామ్ దగ్గరి ఔడెర్కెర్క్ అనే చిన్న ఊళ్లో 1992లో పుట్టి, పదేళ్ల వయసులో ఫెయెనూర్డ్ అకాడమీలో చేరి, కుర్రతనంలోనే ఆ క్లబ్బుకు కెప్టెన్ అయ్యాడు. 2014 ప్రపంచకప్‌లో నెదర్లాండ్స్ తొలి మ్యాచ్, బ్రెజిల్‌లోని సల్వదోర్‌లో. ఎదురుగా డిఫెండింగ్ చాంపియన్ స్పెయిన్. డీగో కోస్టాను పడేశాడని డి వ్రై మీద పెనాల్టీ ఇచ్చారు. స్పెయిన్‌కు ఆధిక్యం దక్కింది. ఇరవై రెండేళ్ల కుర్రాడికి అక్కడితో కాళ్లు వణకాలి. రెండో సగంలో సహచరుడు స్నైడర్ ఫ్రీకిక్ దూరపు పోస్టు దాకా వచ్చింది, మూడో గోల్ డి వ్రైయే వేశాడు. నెదర్లాండ్స్ 5-1. ఆ టోర్నీ అయ్యాకే లాజియో అతన్ని కొనుక్కుంది.

రోమ్‌లో రోజులేమీ పూలబాట కాదు. మోకాలి ఆపరేషన్ 2015-16 సీజన్ మొత్తాన్నీ దాదాపు మింగేసింది. డిఫెండర్లకు ఇటలీ లీగ్ పీజీ చదువులాంటిదని అంటారు. డచ్చివాళ్లలో రూడ్ క్రోల్ నేపొలీలో, యాప్ స్టామ్ లాజియోలో, ఏసీ మిలన్‌లో ఆ చదువు చదివారు. స్టామ్‌ది భారీ విగ్రహం, చూస్తేనే స్ట్రైకర్లకు జంకు. డి వ్రై అలా బెదిరించే రకం కాదు. బంతి ఎటు రాబోతోందో పసిగట్టి ముందే అక్కడ నిలబడతాడు. జారిపడి చేసే టాకిల్ అతని ఆటలో ఆఖరి అస్త్రం. ఇలా ఆడేవాళ్ల మంచి ఆట హైలైట్స్‌లో కనపడదు. ప్రమాదం జరగకుండా ఆపితే చూపించడానికి ఏముంటుంది? వాళ్లు టీవీలో పదేపదే కనపడేది ఒక్క అడుగు తప్పినప్పుడే.

ఇంటర్‌కు ఆంటోనియో కాంతె కోచ్‌గా వచ్చాక ఆ తెలివికి విలువ దక్కింది. ముగ్గురు డిఫెండర్ల వరుసలో అటు ష్క్రినియర్, ఇటు బస్తోనీ, నడుమ డి వ్రై. 2020 ఫిబ్రవరిలో ఏసీ మిలన్‌తో డెర్బీలో ఇంటర్ సగం ఆటకు 0-2తో వెనకబడింది. స్కోరు సమమయ్యాక కార్నర్ కొట్టారు. డి వ్రై దగ్గరి పోస్టు వైపు దూసుకొచ్చి, పక్కకు ఒరిగి నేల మీద పడిపోతూ బంతిని తలతో దూరపు మూలకు మళ్లించాడు. ఇంటర్ 4-2తో గెలిచింది. ఆ సీజన్‌కు ఇటలీ లీగ్ ఉత్తమ డిఫెండర్ అవార్డు అతనిదే. మరుసటి ఏడు యువెంటస్ తొమ్మిదేళ్ల ఏలుబడికి తెరదించిన ఇంటర్, 38 మ్యాచుల్లో 35 గోల్సే ఇచ్చింది. లీగ్‌లో అదే అతి తక్కువ.

తర్వాత కథ మరీ చిత్రం. 2018లో డి వ్రై ఖాళీ చేసిన చోటికి లాజియో తెచ్చుకున్నది ఫ్రాంచెస్కో అచెర్బీని. 2022లో ఇన్‌జాగీ ఆ అచెర్బీనే ఇంటర్‌కు రప్పించాడు. లాజియోలో డి వ్రై స్థానం తీసుకున్నవాడు మిలన్‌లోనూ అతని స్థానమే తీసుకున్నాడు! 2023లో ఇస్తాంబుల్‌లో, 2025లో మ్యూనిక్‌లో జరిగిన రెండు ఛాంపియన్స్ లీగ్ ఫైనల్స్‌లోనూ మధ్యలో మొదలుపెట్టింది అచెర్బీయే. డి వ్రై అలిగి వెళ్లిపోలేదు. 2023లో ఒప్పందం పొడిగించుకుని ఉండిపోయాడు. తనను ద్రోహి అన్న లోకానికి ఈ విధేయత కనపడలేదంటే ఆశ్చర్యమేమీ లేదు. బెంచి మీద కూర్చున్నవాడి మీద వార్తలు రావు.

2024 యూరో కప్పులో నెదర్లాండ్స్ రక్షణలో వాన్ డైక్ పక్కన చోటు మళ్లీ అతనికే దక్కింది. బెర్లిన్‌లో క్వార్టర్ ఫైనల్. టర్కీ ముందంజలో ఉండగా 70వ నిమిషంలో డిపాయ్ క్రాస్‌ను తలతో కొట్టి స్కోరు సమం చేశాడు. జట్టు 2-1తో గట్టెక్కి సెమీస్ చేరింది. అక్కడ ఇంగ్లండ్ చేతిలో ఓటమి. హ్యారీ కేన్‌ను తన్ని పెనాల్టీ ఇచ్చింది డెంజెల్ డంఫ్రీస్. అతనూ డిఫెండరే, డి వ్రైకి ఇంటర్‌లోనూ సహచరుడే. నెదర్లాండ్స్ అభిమానులు రిఫరీని తిట్టారు, వీడియో రిఫరీని తిట్టారు. డంఫ్రీస్ ఒప్పందం కాగితాల జోలికి మాత్రం ఎవరూ పోలేదు.