పాట అందరిదీ, పైకం ఇద్దరిదీ

గిటారు పట్టుకున్న కుర్రవాణ్ణి చూడగానే ఇంట్లో పెద్దవాళ్ళకు తోచే మొదటి ప్రశ్న, దీనివల్ల నాలుగు రాళ్ళు వస్తాయా అని. వస్తాయి. కాని అయిదుగురు కలిసి వాయించినప్పుడు అవి ఎవరి జేబులోకి వస్తాయన్నది వేరే సంగతి. ఈ మాట వచ్చినప్పుడల్లా నాకు జాంబీస్ అనే ఇంగ్లీషు బృందం జ్ఞాపకం వస్తుంది. బీటిల్సు పేరు ఎరగనివారు లేరు గాని, వీళ్ళ పేరు విన్నవారు మనలో తక్కువే.

లండనుకు ఉత్తరాన సెంట్ ఆల్బన్స్ అని పాత ఊరు. 1961లో అక్కడి బడిపిల్లలు కొందరు కలిసి వాయించడం మొదలుపెట్టారు. జాంబీ అంటే లేచి తిరిగే శవం. మన బేతాళుడు కథలు చెబితే, వీళ్ళు పాటలు పాడారన్నమాట. ఆ పేరు సూచించిన కుర్రవాడు తాను మాత్రం వైద్యం చదువుకోవడానికి వెళ్ళిపోయాడు! చివరకు నిలిచినవారు అయిదుగురు: ఆర్గను వాయించే రాడ్ ఆర్జెంట్, గాయకుడు కాలిన్ బ్లన్‌స్టోన్, గిటారు పాల్ అట్కిన్సన్, బేస్ గిటారు క్రిస్ వైట్, డ్రమ్ములు హ్యూ గ్రండీ.

1964లో ఒక పత్రిక పెట్టిన పోటీలో గెలిచారు. డెక్కా కంపెనీ వాళ్ళను పిలిచింది. మొదటి రికార్డు 'షీజ్ నాట్ దేర్' ఇంగ్లండులో 12వ స్థానానికి, అమెరికాలో 2వ స్థానానికి చేరింది. ఆ క్రిస్మసుకు న్యూయార్కు బ్రూక్లిన్‌లో వీళ్ళ కచేరీలు. అప్పటికి అందరూ ఇరవై ఏళ్ళకు అటూ ఇటూ ఉన్నవాళ్ళే.

అసలు లెక్క ఇక్కడుంది. ఆ పాట కట్టినది ఆర్జెంట్. రికార్డు రెండో వైపు పాట వైట్‌ది. రెండో వైపు ఎవరూ వినకపోయినా, రికార్డు అమ్ముడైన ప్రతిసారీ మొదటి వైపు కట్టినవారితో సమానంగా రెండో వైపు కట్టినవారికీ వాటా ముడుతుంది. అమెరికాలోనైతే మామూలు రేడియో స్టేషన్లు పాట వేసినప్పుడల్లా కట్టినవారికి డబ్బిస్తాయి. పాడినవారికీ వాయించినవారికీ ఏమీ ఇవ్వవు. ఇప్పటికీ అదే పద్ధతి. కనుక పాటలు కట్టే ఇద్దరికీ నిలకడగా రాబడి ఉండేది. మిగతా ముగ్గురికీ కచేరీ డబ్బే ముఖ్యాధారం. 1965లో 'టెల్ హర్ నో' అమెరికాలో 6వ స్థానానికి వచ్చింది గాని, ఆ తరువాత రికార్డులు పెద్దగా పోలేదు, కచేరీల ధర పడిపోయింది. ఎవరి తప్పూ లేదు, లెక్కే అలాంటిది.

1967లో సి.బి.ఎస్. కంపెనీకి 'ఒడెస్సీ అండ్ ఒరాకిల్' అనే ఆల్బం చేశారు. చాలా భాగం బీటిల్సు పాడిన ఆబీ రోడ్ స్టూడియోలోనే. అట్ట మీది బొమ్మ వేసిన స్నేహితుడు 'ఒడెస్సీ' స్పెల్లింగు తప్పు రాస్తే అదే అచ్చయింది. కంపెనీ ఇచ్చిన సొమ్ము అయిపోయాక స్టీరియో ప్రతికి ఖర్చు ఆర్జెంట్, వైట్ తమ వాటాల నుంచే పెట్టుకున్నారు. అందులో 'టైమ్ ఆఫ్ ది సీజన్' అనే పాట ఆర్జెంట్ అప్పటికప్పుడే కట్టినది. పాడుతుంటే మాటిమాటికీ దిద్దుతున్నాడని విసిగిపోయిన బ్లన్‌స్టోన్, అంత బాగా వస్తే నువ్వే పాడుకో అన్నాడట. అయినా పాడాడు; ఎంత చక్కగా పాడాడో వినవలసినదే.

ఆ సంవత్సరం చివరకు బృందం విడిపోయింది. చేతిలో చిల్లిగవ్వ లేక కొనసాగలేమన్నది ముఖ్యకారణం. బ్లన్‌స్టోన్ భీమా ఆఫీసులో గుమాస్తాగిరీకి చేరాడు. అమెరికాలో ఆల్ కూపర్ అనే సంగీతకారుడు పట్టుబట్టడం వల్ల ఆ ఆల్బం అక్కడ వెలువడింది. 1969లో 'టైమ్ ఆఫ్ ది సీజన్' 3వ స్థానానికెక్కింది. పెళ్ళివారు వెళ్ళిపోయాక మేళం మోగినట్లయింది. అసలు బృందం లేదు కనుక నకిలీ జాంబీలు అమెరికా ఊళ్ళలో కచేరీలు చేశారు. వాళ్ళలో ఇద్దరు తరువాత జెడ్ జెడ్ టాప్ అనే పెద్ద బృందంలో పేరు తెచ్చుకున్నారు!

అసలువాళ్ళు అప్పుడు మళ్ళీ కలవలేదు. ఆర్జెంట్ తన పేరుతోనే కొత్త బృందం పెట్టి, వైట్‌తో కలిసి పాటలు కడుతూ, 1972లో మరో పెద్ద విజయం సాధించాడు. అట్కిన్సన్ రికార్డు కంపెనీ ఉద్యోగిగా కొత్తవారిని వెదికి పైకి తెచ్చి, 2004లో కన్నుమూశాడు. బ్లన్‌స్టోన్, ఆర్జెంట్ మాత్రం వయసు మళ్ళాక ఒకే వేదిక ఎక్కారు. 2008లో మిగిలిన నలుగురూ లండనులో ఆ ఆల్బం మొత్తం వాయించారు. 2019లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరికింది. ఆ సభ జరిగినది కూడా బ్రూక్లిన్‌లోనే.

2024లో పక్షవాతం వచ్చి ఆర్జెంట్ ఊరూరా తిరిగి కచేరీలు చేయడం మానుకున్నారు. 'టైమ్ ఆఫ్ ది సీజన్' అమెరికా రేడియోలో వచ్చినప్పుడల్లా ఆయనకు వాటా జమ అవుతూనే ఉంటుంది. నువ్వే పాడుకో అని కూడా పాడినాయనకు ఆ రేడియోవాళ్ళు ఇవ్వవలసినది ఏమీ లేదు.