అడుగుల అరిసెలు ఎవరికి పంచాలి?

తెలుగిళ్లలో పసిబిడ్డ ఎదుగుదలను పిండివంటలతో గుర్తుంచుకునే ముచ్చటైన అలవాటుంది. బిడ్డ బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, పలుకులొస్తే చిలకలు చేసి ఇరుగుపొరుగుకు పంచుతారు. చాలా క్రైస్తవ కుటుంబాల్లోనూ ఈ ముచ్చట సాగుతోంది. ఇందులో తినడం కన్నా పంచడమే ముఖ్యం. అరిసెతో పాటు 'ఫలానావారి బాబు నడుస్తున్నాడట' అన్న కబురు ప్రతి ఇంటికీ చేరుతుంది. రేపు వాడు వీధి చివరిదాకా పరుగు తీస్తే ఎత్తుకొచ్చి తల్లికి అప్పగించేది ఆ ఇళ్లవాళ్లే. బిడ్డకు సొంతవూరు ఏర్పడేది అలాగే!

ఈమధ్య మా అమ్మాయి బెంగళూరు నుంచి వీడియో కాల్ చేసి తన 13 నెలల కొడుకు తొలి అడుగులు చూపించింది. వాడు మూడడుగులు వేసి, చతికిలబడి, తనకు తానే చప్పట్లు కొట్టుకున్నాడు. 'అరిసెలు పంచావా?' అని మా ఆవిడ అడిగితే, 'కొట్లో తెప్పించానమ్మా, కాని ఎవరికి పంచాలో తెలియడం లేదు' అంది. ఎదురింటివాళ్ల పేర్లు తెలియవు. రెండేళ్లుగా వెళ్తున్న చర్చిలోనూ పలకరింపులు దాటి పరిచయాలు పెరగలేదు. ఆ మాట నా మనసులో ముల్లులా ఉండిపోయింది.

బదిలీల మీద బతికే పాస్టర్ల పిల్లలకు సొంతవూరంటూ ఉండదు. మా అమ్మాయి బోర్లాపడింది ఒక ఊళ్లో, నడిచింది మరో ఊళ్లో. తను తొలి అడుగులేసిన సాయంత్రం నేనొక ప్రార్థన కూటంలో ఉండి చూడలేకపోయాను. మేమా ఊరికి వచ్చి అప్పటికి వారమైనా కాలేదు. అయినా సంఘంలోని ఒక మామ్మ బియ్యం నానబోసి, పిండి దంచి, పాకం పట్టి అరిసెలు వండింది. మా పాపను చంకనేసుకుని ఇంటింటికీ తిరిగి 'మన పాప నడిచింది' అని చెబుతూ పంచింది. కొన్నేళ్ల తర్వాత బడిలో 'మీదే ఊరమ్మా?' అని టీచరు అడిగితే మా అమ్మాయి 'మాది చర్చి' అందట. అప్పుడు నవ్వుకున్నాం గాని, అంతకన్నా సరైన జవాబు లేదని ఇప్పుడనిపిస్తోంది.

కన్నీటి ప్రార్థనలతో పొందిన సమూయేలును పాలు మాన్పించాక హన్నా షిలోహులోని దేవుని మందిరంలో అప్పగించింది. కొడుకు ఎదుగుదలను రోజూ చూసే భాగ్యం ఆమెకు లేదు. అందుకే ఏటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేది (1 సమూ 2:19). పోయినేడు ఇంతున్నాడు, ఈ ఏడు ఎంతయ్యాడో అని కొలత ఊహించుకుంటూ కుట్టి ఉంటుంది. అలాగని షిలోహు ఆదర్శమైన చోటేమీ కాదు. ఏలీ చూపు మందగించిన వృద్ధుడు, ఆయన కొడుకులు దుర్మార్గులు. అయినా ఒక రాత్రి దేవుడు పేరు పెట్టి పిలిచినప్పుడు ఆ బాలుడు మూడుసార్లూ ఏలీ దగ్గరికే పరుగెత్తాడు. తన పేరెరిగిన పెద్దాయన ఒకడున్నాడన్న చనువు అది. ఆ చనువు వల్లే దేవుని స్వరాన్ని గుర్తుపట్టడం నేర్చుకున్నాడు. పెద్దవాడై బేతేలు, గిల్గాలు, మిస్పాలలో ఏటా తిరిగి న్యాయం తీర్చినా, చివరికి తన ఊరైన రామాకే వచ్చేవాడు (7:16,17). పసితనంలోనే దూరమైన ఊరితో ఆ బంధాన్ని నిలిపింది తల్లి కుట్టిన అంగీలేనేమో!

ఈ విషయంలో నేనూ తప్పినవాడినే. ఒక యువ దంపతులు ఏడాదిన్నర పాటు మా ఆరాధనకు క్రమం తప్పకుండా వచ్చారు. ఒకరోజు 'పాపను ఊళ్లో అమ్మమ్మ దగ్గర ఉంచి వస్తాం, ప్రార్థన చేయండి అయ్యగారూ' అన్నారు. ప్రార్థన మొదలుపెట్టబోతూ 'పాప పేరేమిటమ్మా?' అన్నాను. ఆ తల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. 'అందుకేనండీ పంపిస్తున్నాం, అక్కడైతే పేరు పెట్టి పిలిచేవాళ్లున్నారు' అంది. ఆ పాప నడక నేర్చింది మా మందిరంలోనే. బల్లల మధ్య తప్పటడుగులు వేస్తుంటే ప్రసంగానికి అడ్డమని బయటికి పంపించింది మేమే. పసివారిని అడ్డగించిన శిష్యుల మీద యేసుప్రభువు కోపపడ్డాడు (మార్కు 10:14). ఆ కోపం నా మీదేనని ఆ రోజు అర్థమైంది.

'విశ్వాసి ఈ లోకంలో యాత్రికుడు, అతనికి సొంతవూరితో పనేమిటి?' అనేవారున్నారు. నిజమే, మన పౌరసత్వం పరలోకంలో ఉంది. కాని పరలోకం నుంచి వచ్చిన ప్రభువే నజరేతులో పెరిగి నజరేయుడు అనిపించుకున్నాడు. 12 ఏళ్ల వయసులో ఆయన కనిపించకపోయినా, బంధువుల్లోనో ఎరిగినవారిలోనో ఉంటాడని తల్లిదండ్రులు ఒక రోజంతా నిశ్చింతగా నడిచారు (లూకా 2:44). బిడ్డ గురించి అంత నిశ్చింతగా ఉండగలిగిన చోటే ఊరంటే! తెలుగు క్రైస్తవులకు ఇది తెలియనిది కాదు. మనలో ఎందరి తాతముత్తాతలకో ఊళ్లో చోటు లేదు, గుడిసె ఊరవతలే. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు అలా ఊరవతల బతికినవారే. ఊరు దగ్గరికి రానివ్వనివారికి సంఘమే ఊరైంది. అలాంటివారి వారసులు నేడు నగర చర్చిల్లో ఒకరికొకరు ముక్కూమొహం తెలియనట్టు కూర్చోవడం ఎంత విషాదం?

బిడ్డ సుమారు 8 నెలల నుంచి 18 నెలల లోపు ఎప్పుడైనా ఒంటరిగా నడవవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వెలువరించిన ప్రమాణాలు చెబుతున్నాయి. ఎవరివైపు నడవాలో మాత్రం ఏ పట్టికా చెప్పదు. వచ్చే ఆదివారం ఆరాధన ముగియగానే బండి తీయకుండా ముందు వరుసలోని బిడ్డ పేరడుగుదాం. ఆ పై ఆదివారం ఆ పేరుతో పిలుద్దాం. ఏడాదికొక్కసారైనా పిల్లలను సొంతవూరి చర్చికి తీసుకెళ్దాం.

మా అమ్మాయికి నేను చెప్పింది ఒక్కటే: 'అరిసెలు చర్చికి పట్టుకెళ్లమ్మా, తెలియనివారికే పంచు. నీ అడుగులకు అరిసెలు పంచిన మామ్మకు అప్పటికి మనమెవరమో తెలియదు.'